అద్దంలో పోగు

గాజుని గాజుతో రుద్దితే పైది గుంటపడుతుంది, కిందది ఉబ్బుతుంది. మధ్యలో సానపొడీ కాసిని నీళ్ళూ ఉంటే చాలు, వేరే యంత్రం ఏదీ అక్కర్లేదు. రాజోలు జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి కటకాలూ దర్పణాలూ పాఠం చెబుతున్న కృపావతికి ఈ సంగతి యాభైకి దగ్గరపడ్డాక తెలిసింది.

తెలుసుకోవలసిన అవసరం యామిని అనే పిల్ల వల్ల వచ్చింది. ఒకరోజు క్లాసులో లేచి నిలబడి, "మేడం, శనిగ్రహం చుట్టూ ఉంగరాలుంటాయంటారు కదండీ, మీరు చూసేరా?" అని అడిగింది. ఎగతాళికి అడగలేదు. "ఫొటోల్లో చూసేనమ్మా" అంది కృపావతి. ఆ పిల్ల "ఆయ్" అని కూర్చుండిపోయింది. తాను కూడా చూడకుండానే ఇన్నేళ్ళూ చెప్పుకొచ్చేనన్న మాట కృపావతికి ఇంటికెళ్ళేదాకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. వేసవి సెలవులు ఇవ్వగానే పళ్ళెమంతేసి గాజు బిళ్ళలు రెండూ, రకరకాల సానపొడులూ పార్సిల్లో తెప్పించుకుంది. టెలిస్కోపుకి అద్దం తనే అరగదీసుకోవాలని.

ఆవిడ ఉండేది మామిడికుదురు దాటేక కాలవగట్టు దిగితే వచ్చే మెరకపేటలో. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు బెంజమిన్, మరదలు బేబీ పక్క వాటాలో ఉంటారు. రెండు వాటాలకీ వెనకాల గోడకి గోడ ఆనుకుని, ఒక పక్క బేబీ నీళ్ళు కాచుకునే పొయ్యి సావిడి, ఇంకో పక్క శ్లాబు వేసిన కాయల కొట్టు ఉన్నాయి. కొబ్బరికాయల బేరగాళ్ళు తోటలోనే వలిపించుకుని పోతున్నారు కాబట్టి కొట్టు ఖాళీగానే పడి ఉంది. దాని వెనక కొబ్బరితోట. తోట అంచున వరసగా పాతిన పసుపు రాళ్ళు. ఆ రాళ్ళ కిందనుంచి గ్యాసు పైపులైను పోతుంది.

బెంజమిన్ ఉద్యోగం ఆ లైను మీద నడవడమే. పొద్దున్నే టోపీ పెట్టుకుని, చేతికర్ర పుచ్చుకుని, ఎవరైనా లైను మీద తవ్వుతున్నారా, పాకలేమైనా వేస్తున్నారా అని చూసుకుంటూ పొరుగూరిదాకా వెళ్ళి రావాలి. కాంట్రాక్టరు కింద పని. అయినా ఒంటిమీద కంపెనీ చొక్కా ఉంటుంది. ఆ చొక్కా అంటే వాడికి మహా ఇష్టం. ఉతికింది ఆరకపోతే పొయ్యి దగ్గర ఆరబెట్టుకుని మరీ తొడుక్కునేవాడు.

కృపావతి కొట్టులో పాత ఆయిలు డ్రమ్ము నిలబెట్టి, దానిమీద ఒక గాజుబిళ్ళని కదలకుండా బిగించి, పొడి చల్లి, రెండో బిళ్ళని పైన పెట్టి ముందుకీ వెనక్కీ రుద్దుతూ, డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగేది. గరగరమని చప్పుడు. వీధిలో అందరికీ పళ్ళు జివ్వుమనేవి. ఎదురింటి దానమ్మ పెద్దమ్మని మాత్రం ఆ చప్పుడు ఏమీ చెయ్యలేదు. ఆవిడకి చెవులు సరిగా వినపడవు. మధ్యాహ్నం అన్నం తిని, కొట్టు గడపమీద కూలబడి, చుట్టూ తిరుగుతున్న కృపావతిని చూస్తూ కునుకు తీసేది.

"మొహం ఎప్పుడు కనబడుద్దే దీంట్లో?" అని అడిగేది.

"మొహం చూసుకోడానికి కాదు పెద్దమ్మా, ఆకాశం చూడ్డానికి" అని గట్టిగా చెప్పేది కృపావతి.

"ఆకాశానికి అద్దమెందుకే, తలెత్తితే కనబడదా?" అని నవ్వేది పెద్దమ్మ. నవ్వితే ముందుపళ్ళు రెండే కనిపించేవి.

వానలు మొదలయ్యేసరికి గుంట సరిపడా పడింది. పొడులు మారుస్తూ పోయింది. గరగర చప్పుడు సన్నబడి, బుసగా మారి, చివరికి చప్పుడే లేకుండా పోయింది. ఆ తర్వాత గుగ్గిలంలో ఆముదం పోసి కాచి, ఆ ముద్దతో మెరుగు పెట్టడం. జూలై చివరికి గాజు తళతళలాడింది. ఇక పరీక్ష చెయ్యాలి.

ఈ పరీక్ష పద్ధతి చాలా పాతది. చీకటిగదిలో ఒక చివర అద్దాన్ని నిలబెట్టాలి. రెండో చివర చిన్న లైటు పెట్టాలి. వెలుగు అద్దంమీద పడి తిరిగొచ్చి ఒక చుక్కగా చేరుతుంది. ఆ చుక్క దగ్గర బ్లేడు పెట్టి వెలుగుని సగానికి కోసి, బ్లేడు పక్కనుంచి కన్ను పెట్టి చూస్తే అద్దమంతా బూడిదరంగులో కనిపిస్తుంది. కంటికి ఆనని ఎత్తుపల్లం ఎక్కడున్నా అక్కడ నీడ పడుతుంది. గాజే కాదు, అద్దానికీ కంటికీ మధ్యన గాలి కాస్త కదిలినా అదీ కనిపిస్తుంది.

కృపావతి కొట్టు కిటికీకి తాటాకు చాప కట్టి, శ్లాబు కింది వెలుతురు కంతల్లో గోనెగుడ్డలు కూరి, బ్యాటరీతో వెలిగే చిన్న లైటు పెట్టుకుంది. మొదటి రోజే బేబీని పిలిచి బ్లేడు దగ్గర కూర్చోబెట్టి, తను వెళ్ళి అద్దం ముందు చెయ్యి చాపింది.

బేబీ కెవ్వుమంది. "వదినగారూ! మీ చేతిలోంచి పొగలొస్తున్నాయండీ!"

"పొగ కాదమ్మాయ్, ఒంటివేడి. వేడెక్కిన గాలి పైకి లేస్తోంది."

"అందరికీ వస్తాయాండీ?"

"బతికున్నవాళ్ళందరికీ."

బేబీ తన చెయ్యి కూడా పెట్టి చూపించమంది. కృపావతి చూసి, "నీకు నాకంటే ఎక్కువే వస్తున్నాయి" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రం బేబీ వీధంతా చెప్పుకొచ్చింది, వదినగారి అద్దంలో మనిషి ప్రాణం కనిపిస్తుందని.

ఆ తర్వాత నాలుగు రోజులకి కృపావతి ఆ పోగుని చూసింది.

అద్దంలో ఎడం పక్క అడుగున, దారప్పోగంత సన్నంగా ఏదో పైకి లేస్తోంది. మెలికలు తిరుగుతూ అద్దం సగందాకా వచ్చి చెదిరిపోతోంది. గదిలో తను తప్ప ఎవరూ లేరు. తనేమో అద్దానికి ఇంత దూరంలో ఉంది. ఎక్కడిదో గాలి దూరుతోందనుకుంది. తలుపు కింద తడిగుడ్డ పెట్టి, వెలుతురు కంతలు ఇంకా గట్టిగా బిగించి, గాలి కుదుటపడేదాకా ఊపిరి బిగపట్టి కూర్చుంది. గాలి కుదుటపడ్డకొద్దీ పోగు ఇంకా స్పష్టంగా కనబడింది.

అద్దంలోనే లోపం ఉందేమో. అద్దాన్ని పావు వంతు తిప్పి నిలబెట్టింది. లోపం గాజులో ఉంటే గాజుతోపాటు తిరగాలి. పోగు తిరగలేదు. ఉన్నచోటే ఉంది.

పక్కన బేబీ పొయ్యి ఉంది కదా, గోడ వేడెక్కి ఉంటుందనుకుంది. మర్నాడు బేబీకి పొయ్యి ముట్టించొద్దని చెప్పి, చన్నీళ్ళే పోసుకుని, మళ్ళీ చూసింది. పోగు అలాగే ఉంది. వెళ్ళి ఆ మూలలో నేలని అరచేత్తో తడిమింది. చల్లగా ఉంది.

చేతిని వెనక్కి తీసుకోకుండా అక్కడే గొంతుక్కూర్చుండిపోయింది. వేడి లేకుండా గాలిలో పైకి లేచేది గాలికంటే తేలికైనదే అయ్యుండాలి. అది పిల్లలకి ఆవిడ ఏటా చెప్పే పాఠమే. చెంబుతో నీళ్ళు తెచ్చి గోడా నేలా కలిసే మూల ఉన్న బీటమీద పోసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ ఒకటి లేచి పగిలింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వరసగా.

బెంజమిన్ డ్యూటీనుంచి రాగానే తీసుకెళ్ళి చూపించింది. వాడు బ్లేడు దగ్గర కన్ను పెట్టి చూసేడు. వంగి నేలని వాసన చూసేడు.

"ఏం వాసన లేదే అక్కా."

"వంటింటి సిలిండరు గ్యాసుకి తెలియడం కోసం వాసన కలుపుతారు. ఈ లైన్లో పోయే గ్యాసుకి కలపరు. ఇది నీకు నాకంటే బాగా తెలుసు."

వాడు టోపీ తీసి మోకాలికి కొట్టుకుంటూ ఆ మూలకే చూస్తున్నాడు. తోట అంచున పసుపు రాయి కొట్టుకి ఎంతో దూరంలో లేదు.

"సూపర్‌వైజరు గారికి చెబుతాను" అన్నాడు చివరికి.

మర్నాడు మధ్యాహ్నం సూపర్‌వైజరు నాగబాబు మోటారుసైకిలు మీద వచ్చేడు. అయితే ఈలోపల బేబీ ఒక పని చేసింది. కంపెనీవాళ్ళొస్తున్నారని పొద్దున్నే కొట్టు తలుపులు బార్లా తెరిచి, చాప విప్పేసి, గోనెగుడ్డలు లాగేసి, శుభ్రంగా ఊడ్చి కళ్ళాపి చల్లింది. కృపావతి కాలేజీనుంచి వచ్చేసరికి గదిలో తోటగాలి హాయిగా వీస్తోంది. నాగబాబు చేతిలో ఉన్న మీటరుని నేల దగ్గర పెట్టేడు. గోడ దగ్గర పెట్టేడు. సున్నా చూపించింది.

"తలుపులు మూసి కొంతసేపు ఆగి చూడండి" అంది కృపావతి.

"మేడం గారూ, లంక నేలండి ఇది. అడుగున ఆకూ అలమూ కుళ్ళి ఏదో గాలి వస్తూనే ఉంటుంది. చేపల చెరువుల దగ్గర చూడండి, ఎన్ని బుడగలొస్తాయో. కంపెనీ లైను పోయే ప్రతి ఇంట్లోనూ ఇలాగే అనుకుంటే ఎలాగండీ?"

"ఇది కుళ్ళిన ఆకుల గాలో, లైన్లో గాలో పరీక్ష చేస్తే తెలుస్తుంది కదండీ. కాస్త సీసాలో పట్టి పంపించండి."

"రాస్తానండి, పైకి రాస్తాను" అన్నాడు నాగబాబు. అని, బయటికొచ్చేక బెంజమిన్ భుజంమీద చెయ్యి వేసి గేటుదాకా నడిపించుకుపోయేడు. ఏం మాట్లాడేడో కృపావతికి వినపడలేదు. తమ్ముడి మెడ వంగిపోవడం మాత్రం కనిపించింది.

ఆ సాయంత్రం మళ్ళీ కంతలు మూసి చూసింది. పోగు ఉంది. పిలిస్తే బెంజమిన్ గుమ్మంలోనే నిలబడిపోయేడు, లోపలికి రాలేదు.

"ఇంక వదిలెయ్యక్కా."

"ఒక్కసారి చూడు. నిన్నటికంటే లావైంది."

"నాకు కనబడక్కర్లేదు. లైను మీద నడిచేవాడింట్లోంచే పుకార్లు పుడితే నేను పనిలో ఎందుకని అడిగేరాయన. నువ్వు టెలిస్కోపు చేసుకుంటానన్నావు, చేసుకో. మా కంపెనీ సంగతి నీకెందుకు?"

"మీ కంపెనీ సంగతి కాదురా, మన గోడ సంగతి."

"మీటరు సున్నా చూపించింది! ఇంతకీ నీ గాజుముక్క గొప్పదా, మీటరు గొప్పదా?"

అక్కమీద గొంతెత్తడం వాడికది మొదటిసారి. బేబీ లోపలినుంచి వచ్చి వాడి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. కృపావతి లైటు ఆర్పి, అద్దంమీద గుడ్డ కప్పి, తలుపు దగ్గరగా లాగి గొళ్ళెం పెట్టింది. కంతల్లో కూరిన గోనెగుడ్డలు తీయాలన్న ధ్యాస ఆ కోపంలో ఆవిడకి లేదు.

మర్నాడు కంపెనీ ఆఫీసు నంబరు సంపాదించి ఫోన్ చేసింది. కంప్లయింటు రాసుకున్నాం, మనిషిని పంపిస్తాం అన్నారు. ఎవరూ రాలేదు. ఇంకోసారి చేసింది. ఈ ఏరియా చెక్ అయిపోయినట్టు ఉందండి అన్నారు. ఈలోగా కాలేజీలో పరీక్షలొచ్చేయి, దిద్దాల్సిన పేపర్ల కట్టలు వచ్చేయి. తమ్ముడు ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఆవిడకి తనమీద తనకే అనుమానం వచ్చింది. చేపల చెరువుల్లో బుడగలు నిజమే కదా. లంక నేల నిజమే కదా. కొట్టు వైపు వెళ్ళడమే మానేసింది. పైన అల్పపీడనం పట్టి రోజూ ఒకటే వాన. నేలంతా నీళ్ళు తాగి బిగిసిపోయింది. అలా బిగిసిన నేల కింది గాలి ఎటు పోతుందన్నది అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

ఒక సెలవు శనివారం వాన తెరిపిచ్చింది. పొద్దున్నే పోయిన కరెంటు ఇంకా రాలేదు. బెంజమిన్ డ్యూటీకి వెళ్ళేడు. పేపర్లు దిద్దడం అయిపోయి, చేతులూరుకోక, కృపావతి చాలా రోజుల తర్వాత కొట్టు తలుపు తీసింది. లోపల తడివాసన తప్ప మరేం లేదు. తలుపు వెనకనుంచి మూసుకుని, అలవాటు ప్రకారం లైటు వెలిగించి, గుడ్డ తీసి, వచ్చి బ్లేడు పక్కన కన్ను పెట్టింది.

పోగు లేదు. అద్దమంతా కుతకుతలాడుతోంది.

అడుగునుంచి పైదాకా గుండ్రటి అద్దం నిండా పొరలు పొరలుగా లేస్తున్నాయి, మెలిపడుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చప్పుడు లేదు, వాసన లేదు. కన్ను తీసి చూస్తే ఎప్పటి ఖాళీగదే. మళ్ళీ కన్ను పెడితే ఉడుకు పట్టిన కాగు. కృపావతికి ముందు అర్థమైంది అద్దం గురించి కాదు, తన చేతికి దగ్గరలో వెలుగుతున్న ఆ చిన్న లైటు గురించి. దాన్ని ఆర్పెయ్యాలని చెయ్యి చాపి, స్విచ్చు దాకా తీసుకెళ్ళి ఆపేసింది. వెలిగించినప్పుడు ఏం కాలేదు. ఆర్పినప్పుడు ఏం కాదని ఎవరు చెప్పొచ్చేరు? దాన్నలాగే వదిలేసి, కుర్చీ జరిగితే చప్పుడవుతుందేమోనన్నట్టు మెల్లిగా లేచి, వెనక్కి నడుస్తూ తలుపు దాటింది.

బయటికి రాగానే గోడ అవతల చిన్న చప్పుడు వినిపించింది. సర్. కాసేపాగి మళ్ళీ, సర్.

పొయ్యి సావిడిలో బేబీ మోకాళ్ళమీద కూర్చుని అగ్గిపుల్లలు గీస్తోంది.

"వానకి మెత్తబడిపోయేయండీ వదినగారూ, ఒక్కటీ అంటుకోదు" అంటూ ఇంకో పుల్ల తీసింది. కృపావతి రెండంగల్లో వెళ్ళి అగ్గిపెట్టెని బేబీ చేతిలోంచి లాక్కుని నీళ్ళ కాగులో పడేసింది. బేబీ దిమ్మెరపోయి చూసింది.

"లే. చెప్పులు కూడా వద్దు. కాలవగట్టు మీదకి నడు. పరిగెత్తకు, నడు. దారిలో ఎవరి గుమ్మంలో మనిషి కనిపించినా పొయ్యి వెలిగించొద్దని చెప్పి వెంటబెట్టుకుని వెళ్ళు."

బేబీ వదినగారి మొహం చూసి లేచి నడిచింది.

మెరకపేట వీధిలో మధ్యాహ్నం వంటలవేళ. కృపావతి ఇంటింటికీ వెళ్ళింది. కొందరు వెంటనే కదిలేరు. కొందరు కూర సగంలో ఉందన్నారు. ఒకాయన, "కంపెనీవాళ్ళొచ్చి ఏమీ లేదని చెప్పి వెళ్ళేరంట కదండీ" అన్నాడు. "ఆయ్, చెప్పేరు. మీరు నా మాట మీద రండి. ఏమీ కాకపోతే రేపు ప్రార్థనలో అందరి ముందూ నన్ను తిట్టండి" అంది. దానమ్మ పెద్దమ్మ తలుపు మూసి ఉంది. తోసింది, పిలిచింది. పలకలేదు. చర్చికి పూలు కొయ్యడానికి వెళ్ళి ఉంటుందిలే, శనివారాలు అక్కడ సర్దేది ఆవిడే కదా అన్నారెవరో. కృపావతి ఆ మాట నమ్మింది.

గట్టుమీదకి చేరేక, ఇప్పుడప్పుడే కరెంటు ఇవ్వొద్దని చెబుదామని సబ్‌స్టేషనుకి ఫోన్ చేసింది. ఎంగేజి. మళ్ళీ చేసింది. ఎంగేజి. కరెంటొస్తే వీధిలో ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్జో, ఫ్యానో మొదలవుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

అప్పుడే బెంజమిన్ సైకిలుమీద వచ్చేడు. వీధి వీధంతా గట్టుమీద నిలబడి ఉండడం చూసి వాడి మొహం ఎర్రబడింది.

"ఏంటక్కా ఇది? నా ఉద్యోగం తీయిద్దామనా?"

"తోట వెనక కాలవ బోదె ఉంది కదా. లైను దాటేచోట. దూరంనుంచే చూసిరా. ఆ తర్వాత నన్నేమన్నా అను."

వాడు విసవిసా వెళ్ళేడు. వెళ్ళినవాడు వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చేడు. పసుపు రాళ్ళు రెండింటి మధ్య బోదెలో నీళ్ళు అన్నం ఎసరులా తెర్లుతున్నాయి. ఎప్పుడూ పొద్దున్నే ఆ దారినే నడుస్తాడు. ఆ వారం బోదె గట్టు తెగిందని రోడ్డుమీదనుంచే వెళ్ళిపోయేడు.

ఫోన్ తీసి కంట్రోల్ రూముకి చేసేడు. అవతలివాళ్ళు పేరడిగేరు, ఎవరు చెప్పమన్నారని అడిగేరు, సూపర్‌వైజరుతో మాట్లాడించమన్నారు. "నేనే చెబుతున్నానండి! లైను మీద నడిచేవాణ్ణి నేనే! వాల్వు మూయించండి, ఊరుంది ఇక్కడ!" అని అరిచేడు. అరుస్తూనే గట్టుమీదున్న మొహాలన్నీ ఒకసారి కలయచూసేడు.

"పెద్దమ్మ ఏది?"

చర్చి వైపునుంచి అప్పుడే వచ్చినామె, పెద్దమ్మ ఇవాళ రాలేదని చెప్పింది. ఒంట్లో బాగోలేదని పొద్దున్నే అందని చెప్పింది.

కృపావతి ముందుకి అడుగేసింది. బెంజమిన్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని పక్కకి నెట్టేసి, ఫోను బేబీ చేతిలో పెట్టి, నిప్పురవ్వ లేస్తుందేమోనని కాళ్ళకున్న బూట్లు విడిచి, వట్టికాళ్ళతో వీధిలోకి పరిగెత్తేడు. తలుపుని భుజంతో పగలగొట్టడం గట్టుమీదికి కనిపించింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పెద్దమ్మని వీపుమీద వేసుకుని బయటికొచ్చేడు. దుప్పటి ముసుగులో ఆవిడ వాడి మెడచుట్టూ చేతులు వేసుకుని ఉంది. వీధి మధ్యలోంచి వస్తున్నాడు. ఇంకో నాలుగిళ్ళు దాటితే గట్టు.

వీధి చివర స్తంభానికి పట్టపగలు లైటు వెలిగింది.

ఒకరిద్దరు దాన్ని చూసేరు. "కరెంటొచ్చింది" అన్నారెవరో, మామూలుగా.

కొట్టు శ్లాబు లేవడం కృపావతి చూసింది. మూతలా లేచింది. చప్పుడు ఆ తర్వాత వినిపించింది. వేడిగాలి గట్టుదాకా వచ్చి అందరినీ వెనక్కి తోసింది. తోట వెనకనుంచి మంట కొబ్బరిచెట్లని దాటి పైకి లేచింది. ఆ మంట చేసే హోరులో ఎవరి ఏడుపు ఎవరికీ వినపడలేదు.

వాల్వులు మూసినా, పైపులో మిగిలిన గ్యాసు అయిపోయేదాకా మంట సాయంత్రంవరకూ ఆరలేదు. రెండు వాటాలూ, సావిడీ, మరో మూడిళ్ళూ పోయేయి. గట్టుమీదున్నవాళ్ళలో ఒక్కరికీ గాయం కాలేదు.

బెంజమిన్‌ని, దానమ్మని ముందు అమలాపురం, అక్కడినుంచి కాకినాడ తీసుకెళ్ళేరు. వాడికి చేతులూ పిక్కలూ కాలేయి. వీపుమీద చిన్న బొబ్బ కూడా లేదు. వాడి వీపుని ఆసాంతం కప్పుకుని పెద్దమ్మ ఉంది. ఆవిడ రెండురోజులు బతికింది. స్పృహ ఉన్నప్పుడు బేబీని దగ్గరికి పిలిచి, "కుర్రాడెలా ఉన్నాడే?" అని ఒక్కటే అడిగింది.

ఆవిడ పోయినట్టు బెంజమిన్‌కి కృపావతే చెప్పింది.

"ఆవిణ్ణి కాపాడ్డానికి వెళ్ళేనక్కా" అన్నాడు. "ఆవిడే నన్ను కాసింది." కట్లు కట్టిన చేతులతో మొహం కప్పుకోవడం కుదరక, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

విచారణకి పెద్ద అధికారులొచ్చేరు. గ్యాసు లీకవుతోందని మీకెలా తెలిసిందని కృపావతిని అడిగేరు. అద్దం సంగతి చెప్పింది. రాసుకుంటున్నాయన, "వాసన వచ్చిందని రాద్దామా మేడం? అదైతే అందరికీ అర్థమవుతుంది" అన్నాడు.

"వాసన రాలేదండీ. రాదు కూడా. అదే రాయండి. రెండుసార్లు ఫోన్ చేసి చెప్పేనని కూడా రాయండి" అంది కృపావతి. ఆయన రాసేదాకా ఆ కుర్చీలోంచి లేవలేదు.

కంపెనీ తుప్పుపట్టిన ముక్క కోసేసి కొత్త పైపు అతికింది. పసుపు రాళ్ళు మళ్ళీ పాతేరు. నాగబాబుని వేరేచోటికి మార్చేరు. బెంజమిన్‌ని పనిలోంచి తీసేసినట్టు ఎవరూ చెప్పలేదు, రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. రాజోలులో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ముగ్గురూ అక్కడ ఉంటున్నారు. కృపావతి మళ్ళీ గాజు తెప్పించలేదు. కాలేజీకి వెళ్ళొస్తోంది. పొయ్యి అంటించే ముందు బేబీ ఇప్పటికీ కిటికీలన్నీ తీసి, ఒకసారి వదినగారివైపు చూస్తుంది.

మార్గశిరంలో ఒక ఆదివారం ఉదయం సత్యదుర్గ అనే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. ముమ్మిడివరం వైపు ఏదో ఊరినుంచి రెండు ఆటోలు మారి వచ్చిందట. గుమ్మంలో నిలబడి కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ, "అద్దం మేడం గారంటే మీరేనాండీ?" అని అడిగింది.

"అద్దం ఇప్పుడు లేదమ్మా. పోయింది. ఏం కావాలి?"

"ఏం లేదండీ. మా పెరట్లో అరటిచెట్లు ఎండిపోతున్నాయండీ. తెగులేమో అని మందు కొట్టించేం, తగ్గలేదు. అన్నీ కాదండీ. ఒక్క వరసే. గీత గీసినట్టు ఒక్క వరసే ఎండుతోంది. ఆ గీత పక్కింటివాళ్ళ దొడ్లోకి కూడా పోయిందండీ, వాళ్ళ బెండమొక్కలు కూడా చచ్చిపోయేయి. మావారు నవ్వుతున్నారు. నాకే ఎందుకో..."

లోపల మంచంమీద ఉన్న బెంజమిన్ లేచి గుమ్మంలోకి వచ్చేడు. కొత్తచర్మం ఇంకా గులాబీరంగులో మెరుస్తున్న చేతుల్ని ఒంటికి దూరంగా పట్టుకుని ఉన్నాడు.

"ఏ ఊరండీ మీది?" అని అడిగేడు.

ఆవిడ చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని, గ్యాసు లైను వెంట నడుస్తున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి ఊళ్ళ పేర్లు పెదాలతోనే చెప్పుకుంటూ పోయి, ఒకచోట ఆగేడు. కళ్ళు తెరిచి అక్కకేసి చూసి తలూపేడు.

"ఇంట్లో ఎవరున్నారమ్మా ఇప్పుడు?" అంది కృపావతి.

"అత్తగారు, పిల్లలూ ఉన్నారండీ. ఆదివారం కదండీ, మాంసం తెచ్చేరు. నేనొచ్చేలోపు అత్తగారు పొయ్యి ముట్టిస్తానన్నారు."

"ఫోన్ చెయ్యండి" అంది కృపావతి. "ఇప్పుడే. ఇక్కడే నిలబడి చెయ్యండి."

సత్యదుర్గ నంబరు నొక్కింది. బేబీ అప్పటికే చెప్పులు తొడుక్కుని ఆటో కోసం రోడ్డుమీదికి వెళ్ళింది. అవతల ఫోను మోగుతోంది. ముగ్గురూ దాన్నే వింటూ నిలబడ్డారు. మోగుతూనే ఉంది.